మూత వేయని పెట్టె
కంప్యూటర్ చేత వెబ్ పేజీని చదివించడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి ఫోను వచ్చినప్పుడు పాత జ్ఞాపకాలు రాయాలా, పనికొచ్చే విషయం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను బతుకుతున్నది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి. అందుకని ఆ పనిలో ఒక చిన్న విద్యను మీకు చెబుతాను. దాంతోపాటు, ఆ విద్య సరిగ్గా రాకముందే వచ్చిందనుకుని నేను చేసిన ఒక పొరపాటును కూడా చెబుతాను. ఆ పొరపాటు వల్ల మన హాస్టల్ తమ్ముడు ఒకడు నాలుగు రోజులు బాధపడ్డాడు. అలాంటిది మీ చేతుల్లో జరగకూడదనే ఈ వ్యాసం.

పని ఎలా మొదలైంది?

డిగ్రీ పూర్తిచేసి పీజీకి వెళ్లే తమ్ముళ్లకు పూర్వ విద్యార్థులం కొంత డబ్బు పోగుచేసి ఇస్తుంటాం. ఫలితాలు వచ్చిన రోజే ఎవరు పాసయ్యారో తెలిస్తే కౌన్సెలింగ్ గడువు లోపల సహాయం అందించవచ్చు. మన పిల్లలు నాలుగైదు కళాశాలల్లో చదువుతారు. ఒక్కో కళాశాల తన ఫలితాలను ఒక పొడవాటి పట్టికగా వెబ్ పేజీలో పెడుతుంది. మొదట్లో ఇద్దరం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఒకరు హాల్ టికెట్ నంబర్లు చదువుతుంటే ఇంకొకరు కాగితం మీద టిక్కు పెట్టేవాళ్లం. నంబర్లు వందల్లో ఉంటాయి కాబట్టి కళ్లు మంటలు పుట్టేవి. ఒక వరుస కిందికి చూపు జారితే చాలు, ఒకరి ఫలితం ఇంకొకరికి రాసేసేవాళ్లం.

ఈ పని కంప్యూటర్ చేత చేయిస్తే పోలా అనుకున్నాను. మన దగ్గర హాస్టల్ పిల్లల హాల్ టికెట్ నంబర్ల జాబితా ఉంది. వెబ్ పేజీలో ఫలితాలున్నాయి. రెండింటినీ కలపాలి. వినడానికి ఇంత చిన్న పనే.

వెబ్ పేజీ లోపల ఏముంటుంది?

మనకు తెర మీద గీతలు గీసిన చక్కని పట్టిక కనబడుతుంది. కంప్యూటర్‌కు అందేది మాత్రం పట్టిక కాదు, అక్షరాల వరస. ఏదైనా పేజీ మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘వ్యూ పేజ్ సోర్స్’ అనే మాట ఎంచుకుంటే ఆ అసలు రూపం కనిపిస్తుంది. దాన్ని రాసే భాష పేరు హెచ్‌టీఎంఎల్. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ టిమ్ బెర్నర్స్-లీ 1989లో వరల్డ్ వైడ్ వెబ్ ప్రతిపాదన చేశారు. ఆ వెబ్ కోసమే ఆయన ఈ భాషను తయారుచేశారు.

ఈ భాషలో ముఖ్యమైనవి ట్యాగులు. ట్యాగు అంటే ఏమిటో మన హాస్టల్ సామానుతోనే చెప్పుకుందాం. మీ మంచం కింద ట్రంకు పెట్టె ఉంది కదా. దాని లోపల ఒక సబ్బు పెట్టె, ఒక జామెట్రీ బాక్సు ఉంటాయి. జామెట్రీ బాక్సు లోపల స్కేలు, పెన్సిలు ఉంటాయి. ఒక పెట్టె లోపల ఇంకొక పెట్టె, దాని లోపల వస్తువులు. హెచ్‌టీఎంఎల్ పేజీ కూడా అంతే. పట్టిక మొదలయ్యే చోట ‘టేబుల్’ అనే ట్యాగు తెరుస్తారు. అది పెద్ద పెట్టె. దాని లోపల ఒక్కో వరుసకు ‘టీఆర్’ అనే పెట్టె. ఒక్కో వరుస లోపల ఒక్కో గడికి ‘టీడీ’ అనే పెట్టె. టీడీ లోపల అసలు సరుకు, అంటే నంబరో పేరో ఉంటుంది. పెట్టె అయిపోగానే అదే ట్యాగును ఒక ఏటవాలు గీతతో మళ్లీ రాస్తారు. అది మూత వేసినట్టు. దాన్ని ముగింపు ట్యాగు అంటారు.

ఈ పెట్టెల అమరికను కాగితం మీద గీస్తే వంశవృక్షంలా వస్తుంది. పట్టిక తల్లి. వరుసలు ఆమె పిల్లలు, కాబట్టి ఒకరికొకరు అన్నదమ్ములు. గడులు మనవలు. ఇది నేను సరదాగా కల్పించిన పోలిక కాదు. ప్రోగ్రామర్లు నిజంగానే పేరెంట్, చైల్డ్, సిబ్లింగ్ అనే మాటలే వాడతారు. అక్షరాల వరసగా వచ్చిన పేజీని ఇలాంటి వృక్షంగా మార్చే పనినే పార్సింగ్ అంటారు. ఆ పని చేసే ప్రోగ్రాము పార్సర్.

నేను మొదట పట్టిన అడ్డదారి

పార్సింగ్ గురించి తెలియని రోజుల్లో నేను అడ్డదారి పట్టాను. ‘టీడీ అన్న మాట ఎక్కడుందో వెతుకు, దాని ముగింపు ఎక్కడుందో వెతుకు, మధ్యలో ఉన్నది కోసి ఇవ్వు’ అని ప్రోగ్రాము రాశాను. ఒక కళాశాల పేజీ మీద బాగానే నడిచింది. రెండో కళాశాల పేజీ మీద ఒక్క ముక్క కూడా రాలేదు. చూస్తే అక్కడ ట్యాగులన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగు పేరు చిన్న అక్షరాల్లో రాసినా పెద్ద అక్షరాల్లో రాసినా ఒకటే. నా ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు.

దాన్ని సరిచేస్తే ఇంకొకటి వచ్చింది. కొన్ని గడుల ట్యాగులో రంగు, వెడల్పు వంటి వివరాలు రాసి ఉన్నాయి. వీటిని యాట్రిబ్యూట్లు అంటారు. వాటి కోసం మళ్లీ మార్చాను. తర్వాత ఒక పేజీలో తెర మీద కనబడని విద్యార్థి ఒకడు నా జాబితాలోకి వచ్చాడు. ఆ వరుసను ఎవరో తీసేయకుండా కామెంటుగా మార్చారు. కామెంటును బ్రౌజర్ చూపించదు, నా ప్రోగ్రాము మాత్రం చదివేసింది. ఒక చిల్లుకు మాట్లు వేస్తే ఇంకొక చిల్లు బయటపడుతోంది. అక్షరాలు వెతకడం వేరు, పేజీ నిర్మాణం తెలుసుకోవడం వేరు అని అప్పుడు బోధపడింది.

బ్యూటిఫుల్ సూప్

పైథాన్ భాషలో ఈ పనికి ఒక ప్రసిద్ధమైన లైబ్రరీ ఉంది. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసి, పరీక్షించి, మనం వాడుకోవడానికి ఇచ్చిన ప్రోగ్రాముల కట్ట. దీని పేరు బ్యూటిఫుల్ సూప్. లెనార్డ్ రిచర్డ్‌సన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 2004లో దీన్ని విడుదల చేశారు. ఇప్పుడు అందరూ వాడుతున్న నాలుగో తరం 2012లో వచ్చింది. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా దించుకోవచ్చు.

పేరు వింతగా ఉంది కదూ! లూయిస్ కారల్ 1865లో రాసిన ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ కథలో ఒక తాబేలు పాడే పాట నుంచి ఈ పేరు తీసుకున్నారు. ఇంకొక అర్థం కూడా ఉంది. ట్యాగులను తెరిచి మూయకుండా, ఒకదానిలో ఒకటి అడ్డదిడ్డంగా కలిపి రాసిన పేజీని ప్రోగ్రామర్లు ‘ట్యాగ్ సూప్’ అని వెక్కిరిస్తారు. మన భాషలో కలగూరగంప అనుకోండి. అలాంటి పేజీలో నుంచి కూడా పనికొచ్చేది తీసి ఇస్తుందని ఆ పేరు.

ఇంతకీ పేజీలు ఎందుకు అలా తప్పులతో ఉంటాయి? బ్రౌజర్లు తప్పులను క్షమిస్తాయి కనుక. మూత వేయకపోయినా ఎలాగో సర్దుకుని బొమ్మ చూపిస్తాయి. తెర మీద బాగానే కనబడుతుంటే రాసినవారు తప్పు వెతుక్కోరు. ఒకప్పుడు ఈ సర్దుబాటు ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కో రకంగా ఉండేది. 2004లో మొదలైన వాట్‌విజి అనే బృందం, తప్పులున్న పేజీని కూడా ఎలా చదవాలో అడుగడుగునా నియమాలు రాసింది. అవే హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంలో భాగమయ్యాయి.

ప్రోగ్రాము నడిచే తీరు

ఇప్పుడు పని ఎలా చేయాలో చూద్దాం. మన సంచిక కంపోజింగ్ అంతా తెలుగే కాబట్టి ఆజ్ఞల పేర్లను తెలుగు లిపిలో ఇస్తున్నాను. కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాలతోనే టైపు చేయాలి.

ఒకటి: పైథాన్ ఉన్న కంప్యూటర్‌లో కమాండ్ తెర తెరిచి ‘పిప్ ఇన్‌స్టాల్ బ్యూటిఫుల్‌సూప్4’ అని కొట్టండి. లైబ్రరీ దిగుతుంది. ప్రోగ్రాములోకి తెచ్చుకునేటప్పుడు మాత్రం దాని పేరు ‘బీఎస్4’.

రెండు: పేజీని తెచ్చుకోండి. బ్యూటిఫుల్ సూప్ ఇంటర్నెట్ నుంచి పేజీ తీసుకురాదు. అది చదవడం వరకే చేస్తుంది. తేవడానికి ‘రిక్వెస్ట్స్’ అనే ఇంకొక లైబ్రరీ ఉంది. కొత్తవారైతే బ్రౌజర్‌లోనే పేజీని ఫైలుగా సేవ్ చేసుకుని ఆ ఫైలు మీద సాధన చేయడం మంచిది. నెట్ లేకపోయినా పని ఆగదు.

మూడు: ఆ అక్షరాలను బ్యూటిఫుల్ సూప్ చేతికివ్వండి. అది వృక్షం కట్టి ఇస్తుంది. దాన్ని ‘సూప్’ అనే పేరుతో దాచుకోవడం వాడుక.

నాలుగు: వృక్షాన్ని ప్రశ్నలు అడగండి. ‘ఫైండ్’ అంటే మొదట దొరికినది ఒక్కటి ఇస్తుంది. ‘ఫైండ్_ఆల్’ అంటే ఉన్నవన్నీ ఇస్తుంది. సూప్‌ను టేబుల్ అడగండి, టేబుల్‌ను టీఆర్‌లన్నీ అడగండి, ఒక్కో టీఆర్‌ను టీడీలన్నీ అడగండి. చివరగా ‘గెట్_టెక్స్ట్’ అంటే ట్యాగులు పోయి లోపలి మాట మాత్రమే వస్తుంది.

ఐదు: మొదటి గడిలోని హాల్ టికెట్ నంబరు మన జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే చివరి గడిలోని ఫలితం రాసుకోండి.

ఇంతే! ఇరవై వరుసల ప్రోగ్రాము. ఒక మాట గుర్తుంచుకోండి. ‘ఫైండ్’ అడిగినది దొరకకపోతే ‘నన్’, అంటే ఏమీ లేదు అని ఇస్తుంది. ఆ ఖాళీని పట్టుకుని తర్వాతి ప్రశ్న అడిగితే ప్రోగ్రాము ఆగిపోయి ఎర్రటి తప్పుల చిట్టా చూపిస్తుంది. కంగారుపడకండి. మీరు వెతికిన పెట్టె అక్కడ లేదని మాత్రమే దాని అర్థం.

జాబితాలో లేని తమ్ముడు

నేను ఈ ప్రోగ్రామును నా ల్యాప్‌టాప్‌లో రాసి రెండేళ్లు వాడాను. ఒక్క తప్పు రాలేదు. మూడో ఏడాది ఫలితాలు వచ్చిన రోజు నేను ఊళ్లో పెళ్లికి వచ్చి ఉన్నాను. ల్యాప్‌టాప్ వెంట లేదు. ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌లో ఉంది. మిత్రుడి ఇంట్లో కంప్యూటర్ మీద పైథాన్, బ్యూటిఫుల్ సూప్ ఎక్కించి నడిపాను. తెర మీద ఏదో హెచ్చరిక నాలుగు వరుసలు వచ్చింది. దాని కింద జాబితా కూడా వచ్చింది. జాబితా వచ్చింది కదా అని హెచ్చరికను చదవలేదు. పాసైనవారి పేర్లు ప్రింటు తీసి హాస్టల్ నోటీసు బోర్డుకు పంపించాను.

ఐదో రోజు ఉదయం ఒక తమ్ముడు ఫోను చేశాడు. ముందు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. “అన్నా, కాలేజీ పేజీలో నేను పాసని ఉంది. మీ లిస్టులో నా పేరు లేదు. రెండింట్లో ఏది నిజమన్నా?”

అతను మా జాబితాను కళాశాల పేజీకంటే ఎక్కువ నమ్మాడు. పేజీలో తర్వాత ఏదో మార్పు జరిగి ఉంటుందనుకున్నాడు. వార్డెన్ సారును అడగడానికి మొహం చెల్లక, చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాడు. నాన్నతో కలిసి నాలుగు రోజులు తాపీ పనికి వెళ్లాడు. కౌన్సెలింగ్‌కు పేరు నమోదు చేసుకోవడానికి ఇక ఒక్క రోజే ఉంది.

నేను వెంటనే పేజీ తెరిచి చూశాను. అతను చెప్పింది నిజమే, పాసయ్యాడు. ఆ సాయంత్రానికి డబ్బు పంపాం, మరునాడు నమోదు చేసుకున్నాడు. గండం గడిచింది. కానీ అతను ఫోను చేయకుండా ఉండి ఉంటే? ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఎందుకలా జరిగింది?

ఆ రాత్రి కూర్చుని పేజీ సోర్సును వరుస వరుసగా చదివాను. పట్టికలో శీర్షిక కాక 340 వరుసలు. ఒక్కో వరుసలో ఐదు గడులు: నంబరు, పేరు, గ్రూపు, మార్కులు, ఫలితం. మన తమ్ముడిది 212వ వరుస. అన్ని వరుసలకూ ముగింపు ట్యాగు ఉంది, అతని వరుసకు మాత్రం లేదు. పేరులో అక్షరం దిద్దేటప్పుడు ఎవరి చేతిలోనో చెరిగిపోయినట్టుంది.

అంటే ఒక ట్రంకు పెట్టెకు మూత వేయలేదు. బ్రౌజర్ ఏమనుకుంటుంది? ‘కొత్త వరుస మొదలైంది కాబట్టి పాత వరుస అయిపోయినట్టే’ అనుకుని తానే మూత వేస్తుంది. నిజానికి హెచ్‌టీఎంఎల్ నియమాల ప్రకారం టీఆర్, టీడీలకు ముగింపు ట్యాగు రాయకపోయినా ఫరవాలేదు. కాబట్టి పేజీలో తప్పే లేదు!

మరి నా ప్రోగ్రాము ఎందుకు తడబడింది? ఇక్కడే అసలు కిటుకు ఉంది. బ్యూటిఫుల్ సూప్ వృక్షాన్ని సొంతంగా కట్టదు. లోపల వేరే పార్సర్‌తో ఆ పని చేయిస్తుంది. మామూలుగా వాడేవి మూడు. పైథాన్‌తోపాటే వచ్చే ‘హెచ్‌టీఎంఎల్ డాట్ పార్సర్’ ఒకటి. చాలా వేగంగా నడిచే ‘ఎల్ఎక్స్ఎంఎల్’ రెండోది. బ్రౌజర్ నియమాలనే పాటించే ‘హెచ్‌టీఎంఎల్5లిబ్’ మూడోది, ఇది నెమ్మది. మనం పేరు చెప్పకపోతే ఆ కంప్యూటర్‌లో ఉన్నవాటిలో మేలైనదాన్ని బ్యూటిఫుల్ సూప్ తానే ఎంచుకుంటుంది.

నా ల్యాప్‌టాప్‌లో ఎల్ఎక్స్ఎంఎల్ ఉంది. అది బ్రౌజర్ లాగే మూత వేసేది. మిత్రుడి కంప్యూటర్‌లో అది లేదు కాబట్టి పైథాన్‌తో వచ్చిన పార్సరే దిక్కయింది. అది మూత వేయదు. 212వ పెట్టె తెరిచే ఉంది కాబట్టి 213వ పెట్టెను దాని లోపలే పెట్టింది. 214నూ అందులోనే, 340 వరకూ అన్నీ అందులోనే. టేబుల్ ముగిసే చోట గానీ ఆ పెట్టె మూతపడలేదు.

ఇప్పుడు మన తమ్ముడి వరుసను గడులన్నీ ఇమ్మని అడిగితే ఏం జరుగుతుంది? ‘ఫైండ్_ఆల్’ పిల్లలతో ఆగదు, మనవలను, మునిమనవలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఐదు గడులు రావలసిన చోట 129 వరుసల గడులు, అంటే 645 వచ్చాయి. మొదటి గడి అతని నంబరే. చివరి గడి మాత్రం 340వ విద్యార్థిది. ఆ విద్యార్థి తప్పాడు. నేను ‘చివరి గడి ఫలితం’ అని రాశాను కదా, అందుకని మన తమ్ముడు కూడా తప్పినట్టు లెక్క తేలింది. మిగిలిన 339 మందివీ సరిగ్గానే వచ్చాయి. మొత్తం వరుసలు లెక్కపెట్టినా 340 సరిపోతాయి. అందుకే నాకు అనుమానం రాలేదు.

మరి ఆ హెచ్చరికలో ఏముంది? ‘మీరు పార్సర్ పేరు చెప్పలేదు, నేనే ఒకటి ఎంచుకున్నాను, ఇంకొక కంప్యూటర్ మీద ఫలితం వేరుగా రావచ్చు’ అని స్పష్టంగా ఉంది. చదివి ఉంటే సరిపోయేది. లైబ్రరీ రాసినవారు ముందే చెప్పారు. పేజీ రాసినవారు నియమం తప్పలేదు. తప్పు నాదే.

మూడు పార్సర్లు ఎంత వేరుగా ఆలోచిస్తాయో చూడాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. ‘ఏ’ అనే ట్యాగు తెరిచి, దాని వెంటనే ‘పీ’ అనే ట్యాగుకు ముగింపు మాత్రమే రాయండి. తెరవని పెట్టెకు మూత వేసినట్టు. పైథాన్ పార్సర్ ఆ మూతను పారేసి ‘ఏ’ను మాత్రం ఉంచుతుంది. ఎల్ఎక్స్ఎంఎల్ కూడా మూతను పారేస్తుంది కానీ చుట్టూ హెచ్‌టీఎంఎల్, బాడీ అనే పెట్టెలు చేరుస్తుంది. హెచ్‌టీఎంఎల్5లిబ్ ఆ మూతకు తగిన ఖాళీ ‘పీ’ పెట్టెను కూడా సృష్టించి, హెడ్ అనే పెట్టెను సైతం చేరుస్తుంది. పేజీ ఒకటే, వృక్షాలు మూడు.

నేను నేర్చుకున్న జాగ్రత్తలు

మొదటిది, పార్సర్ పేరు ఎప్పుడూ మీరే రాయండి. అప్పుడు ఆ పార్సర్ లేని కంప్యూటర్‌లో ప్రోగ్రాము ఆగిపోయి ‘అది లేదు’ అని చెబుతుంది. తప్పు జాబితా ఇవ్వడం కంటే ఆగిపోవడమే మేలు.

రెండోది, వరుసలతోపాటు గడులను కూడా లెక్కపెట్టించండి. ఐదు రావలసిన చోట నాలుగు వచ్చినా ఆరు వచ్చినా ప్రోగ్రాము ఆగి, ఆ వరుసను మీకు చూపించాలి. ఈ ఒక్క నియమం ఉండి ఉంటే 645 గడుల వరుస అక్కడే దొరికిపోయేది.

మూడోది, సొంత పిల్లలు మాత్రమే కావాలంటే ఆ మాట చెప్పండి. ‘ఫైండ్_ఆల్’కు ‘రికర్సివ్ ఈక్వల్స్ ఫాల్స్’ అని జోడిస్తే మనవల జోలికి పోదు.

నాలుగోది, పేజీ అసలు ప్రతిని ఫైలుగా దాచండి. రేపు తేడా వస్తే పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ‘పాసైనవారు’ అనే జాబితా ఒక్కటే పెట్టకండి. ‘తప్పినట్టు వచ్చినవారు’, ‘పేజీలో దొరకనివారు’ అని ఇంకో రెండు జాబితాలు తీసి మీ దగ్గర ఉంచుకోండి. వాటిలోని ప్రతి పేరునూ కంటితో పేజీలో చూసి సరిపోల్చండి. ఆ పేర్లు పదో పదిహేనో ఉంటాయి. పది నిమిషాల పని. ఇప్పుడు మేం ఇదే పద్ధతి పాటిస్తున్నాం.

తెలుగు పేజీల సంగతి

తెలుగులో ఉన్న పేజీలు చదివించేటప్పుడు ఇంకొన్ని చిక్కులున్నాయి. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో చాలా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడేవి. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు కనిపించేది. లోపల ఉండేవి వేరే గుర్తులు. అలాంటి పాత పేజీని పార్సర్‌తో చదివిస్తే వృక్షం సరిగ్గానే వస్తుంది, మాటలు మాత్రం అర్థంలేని గుర్తులుగా వస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి ‘పద్మ’ అనే ఉపకరణం ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు ఉండేది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి మొదటి ప్రతిలోనే చోటు దొరికింది. ఇప్పటి పేజీలు ఎక్కువగా యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడుతుంది. ‘తె’ అనే అక్షరంలో ‘త’ ఒకటి, ఎత్వం ఒకటి, కాబట్టి ఆరు బైట్లు.

పేర్లను పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. పొల్లు అక్షరాన్ని తర్వాతి అక్షరంతో కలవకుండా ఆపడానికి కంటికి కనబడని గుర్తు ఒకటి వాడతాం. ఒక చోట ఆ గుర్తు ఉండి, ఇంకొక చోట లేకపోతే ఒక్కోసారి మనకు రెండు పేర్లూ ఒకేలా కనబడతాయి, కంప్యూటర్ మాత్రం వేరు వేరు అంటుంది. అందుకే మనిషిని పేరుతో కాక హాల్ టికెట్ నంబరుతో పోల్చమంటాను.

మరో సంగతి. సోర్సులో పట్టిక ఖాళీగా ఉండి తెర మీద మాత్రం నిండుగా కనిపిస్తే, ఆ సమాచారాన్ని జావాస్క్రిప్ట్ తర్వాత తెచ్చి నింపుతోందని అర్థం. బ్యూటిఫుల్ సూప్ జావాస్క్రిప్ట్‌ను నడపదు. దానికి వేరే దారులున్నాయి, అవి ఇంకోసారి చెప్పుకుందాం.

ఎదుటివారి పేజీ పట్ల మర్యాద

పేజీ అందరికీ కనబడుతోంది కదా అని ఇష్టం వచ్చినట్టు వాడకూడదు. ప్రోగ్రాము ఒక్క సెకనులో వందసార్లు పేజీ అడగగలదు. ఫలితాల రోజున అలా చేస్తే చిన్న సర్వర్ కూలబడుతుంది, మిగతా పిల్లలకు పేజీ తెరుచుకోదు. ఒకసారి తెచ్చి దాచుకోండి, మళ్లీ అడగాలంటే మధ్యలో వ్యవధి ఇవ్వండి. యంత్రాలు ఎక్కడికి రావచ్చో, ఎక్కడికి రాకూడదో చెప్పే ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ అనే ఫైలు చాలా సైట్లలో ఉంటుంది. 1994 నుంచి ఉన్న ఈ ఆచారం 2022లో ప్రమాణంగా నమోదైంది. ముందు దాన్ని చదవండి. ఇక తోటివారి మార్కులు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంచడం ఎంతమాత్రం తగదు. మనకు కావలసింది ఎవరికి సహాయం అందాలి అన్నదొక్కటే. ఎవరికి ఎన్ని మార్కులన్నది వారి సొంత విషయం.

చివరగా

తమ్ముళ్లూ, ఈ విద్య నేర్చుకోవడానికి ఖరీదైన కోచింగ్ అక్కర్లేదు. పైథాన్ ఉచితం, బ్యూటిఫుల్ సూప్ ఉచితం. ఏ పేజీ సోర్సు అయినా మీ కళ్ల ముందే తెరిచి ఉంటుంది. మన స్టడీ అవర్‌లో రోజూ అరగంట చొప్పున కూర్చుంటే నెల రోజుల్లో పట్టుబడుతుంది. ముందు మీ క్లాసు టైంటేబులునో, మెస్ మెనూనో చిన్న హెచ్‌టీఎంఎల్ పట్టికగా మీరే రాయండి. కావాలనే ఒక మూత తీసేసి మూడు పార్సర్లతోనూ చదివించి చూడండి. ఏది ఏం చేస్తుందో చేతులతో తెలుసుకుంటే ఎప్పటికీ మరిచిపోరు.

నేను 340 వరుసలు చదివించాను, 339 సరిగ్గా వచ్చాయి. పరీక్షలో అయితే అది గొప్ప మార్కే. కానీ మిగిలిన ఆ ఒక్క వరుస తాపీ పనికి వెళ్లిన తమ్ముడిది. కంప్యూటర్‌కు అది ఒక టీఆర్ ట్యాగు మాత్రమే. దాని వెనుక ఒక మనిషి ఉన్నాడని గుర్తుపెట్టుకోవలసింది ప్రోగ్రాము రాసే మనమే.

ఆ తమ్ముడు పీజీ పూర్తిచేశాడు. ఇప్పుడు ప్రతి ఏటా మన జాబితాను నాతోపాటు సరిచూసేది అతనే. ప్రోగ్రాము నడవగానే తనే ముందు అడుగుతాడు: “గడులు లెక్క సరిపోయాయా అన్నా?”

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ హాస్టల్ పూర్వ విద్యార్థి